పచ్చ కనబడితే

సోమవారం

మొదటిసారి నలుగుకి వెళ్ళేవాళ్ళ కోసం రాయమన్నారు. "భయపడకండి" అని మొదలుపెట్టమన్నారు. ఆ మాటతో మొదలుపెడితే భయం లేనివాళ్ళకి కూడా పుడుతుందని చెప్పాను. ఆరోగ్య పీఠం వాళ్ళు నవ్వారు గానీ మాట మార్చలేదు. సరే. భయపడకండి.

మా సందులో ఈ పని నాకు అంటగట్టడానికి కారణం నా చదువు. కొండ బయటి ఊళ్ళు ఇంకా ఊళ్ళుగా ఉన్న రోజుల్లో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివాను. ఎండలు ముదిరి అందరం కొండ కడుపులోకి వచ్చేశాక ఆ చదువు పిల్లలకి పాఠాలు చెప్పడానికే పనికొచ్చింది. జరిగింది జరిగినట్టు రోజూ రాసిస్తే, నీళ్ళ వరసలో నిలబడ్డవాళ్ళకి చదివి వినిపిస్తారట.

ఈ రోజు నేనూ, మా అమ్మాయి కుముదా నలుగు చేయించుకున్నాం. మా అత్తని మాత్రం వదిలేశారు. ఆవిడ చర్మం ఉల్లిపొరలా ఉంది, యంత్రం ఆనితే చిరుగుతుందన్నారు.

రాతి బల్ల మీద పడుకోబెడతారు. కళ్ళ మీద తడిగుడ్డ వేస్తారు. కలం లాంటి గొట్టం ఒకటి ముఖం మీద నడుస్తుంది. దాని నోట్లోంచి ఒక పక్క ఉప్పురవ్వ లాంటి సన్నని పలుకులు కొడుతుంటాయి, ఇంకో పక్క అవే పలుకుల్ని, వాటితో పాటు మన పై పొరనీ లోపలికి పీల్చుకుంటుంది. చప్పుడు అచ్చం ఎవరో ఆకులో చారు జుర్రుతున్నట్టే. నొప్పి అనలేను. పిల్లి నాలుక గరుకుగా ఉంటుంది చూడండి, ఆ పిల్లికి మీ మీద ప్రేమ కాస్త ఎక్కువైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ముక్కు దూలం దగ్గర తుమ్ము వస్తుంది. ఆపుకోండి.

అయిపోయాక ముఖం బిగుసుకుపోతుంది, గంజి పెట్టి ఆరేసిన చీరలా. ఎర్రబడుతుంది. రెండు మూడు రోజుల్లో పొర రాలుతుంది. గోకకూడదు. నీళ్ళు బాగా తాగాలి. వేడిగాలి గొట్టాల దగ్గరికి వెళ్ళకూడదు. ముఖానికి ఏమీ రాయకూడదు. పొర రాలాక దీపం గదికి వెళ్ళాలి. ఆ దీపం ఊదారంగు వెలుగు వేసి చూస్తుంది. ముఖం మీద పచ్చ లేకపోతే "పచ్చ లేదు" అంటుంది, ఇంటికి పొమ్మంటారు. పచ్చ కనబడితే పాచి ఉన్నట్టు. మళ్ళీ నలుగు.

మూడుసార్లు కనబడితే ఏమవుతుందో రాయక్కర్లేదన్నారు. అందరికీ తెలుసు కదా అన్నారు.

ఇంటికొచ్చాక కుముద నా ముఖం చూసి, "అమ్మా, నువ్వు కాల్చిన టమాటాలా ఉన్నావు, పచ్చడి చెయ్యాలా" అంది. దానికి పదిహేనేళ్ళు. నోటికి నలుగు పెట్టే యంత్రం ఇంకా రాలేదు.

మంగళవారం

బిగువు. నవ్వితే బుగ్గలు పగులుతాయేమో అనిపిస్తుంది. పగలవు.

గోడలకి పట్టిన పాచి గోకడం పొద్దున్నే కుముద వంతు. ఇక్కడ సున్నపురాతి గోడలు ఎప్పుడూ చెమటోడుస్తుంటాయి, తెల్లారేసరికి పాచి పడుతుంది. గోడ మీది పాచి గోకితే పోతుంది. ఒంటి మీది పాచి మాత్రం ముదిరేదాకా కంటికి కనబడదు, మెల్లగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మా ఆయన సింహాద్రికి అలాగే దిగింది. పంపుల దగ్గర పనిచేసేవాడు, ఎప్పుడూ తడి. దగ్గు మొదలయ్యాక మాట పోయింది, మాట తర్వాత మనిషి. ఆ రోజుల్లో ఈ నలుగు లేదు. ఉంటే బతికేవాడేమో. అందుకే ఎవరు గొణిగినా నేను నలుగు మంచిదనే అంటాను.

"నలుగు" అన్న పేరు పెట్టినవాళ్ళ తెలివి మెచ్చుకోవాలి. మొదట్లో దీన్ని ఏదో యంత్రం పేరుతో పిలిచేవారు, జనం పారిపోయేవారు. నలుగు అనగానే తలంటూ పిండీ గుర్తొచ్చాయి, వరసకట్టి వచ్చారు. మా అత్త కూడా, "నలుగే కదా, నా పెళ్ళికి మా మేనత్తలు ఇంతకంటే గట్టిగా రుద్దినారు" అంది.

గురువారం

పొర రాలుతోంది. ముక్కు పక్కన, గడ్డం కింద, చీమలు మోసుకుపోయే రెక్కల్లాంటి తునకలు. పాఠం చెబుతుంటే ముందు వరస పిల్లలు నా గడ్డం వంకే చూశారు. రేపు దీపం.

శుక్రవారం

నాకు పచ్చ లేదు. కుముదకి ఉంది.

ఇక్కడి నుంచి రాసేది నీళ్ళ వరసలో చదవడానికి కాదు. వాళ్ళ కోసం వేరే కాగితం మీద మంచి మాటలు రాసిస్తాను.

దీపం గదిలో కూర్చునే కళావతి నాకు తెలిసినావిడే, ఆమె కొడుక్కి నేనే అక్షరాలు దిద్దించాను. "కంగారు పడకండి టీచరమ్మా, మొదటిసారి చాలామందికి కనబడుతుంది. ఆడపిల్లల చర్మం లేత కదా, పాచి తొందరగా పట్టుకుంటుంది" అంది. నిజమే, పీఠం వాళ్ళు కూడా అదే చెప్తారు. పాచి ఎక్కువగా పట్టేది పెద్దమనిషైన పిల్లల్నీ, పెళ్ళికూతుళ్ళనీ, బాలింతల్నీ. పై సందులో రాజ్యలక్ష్మి పెళ్ళయిన నెలలోనే మూడుసార్లూ పచ్చ కనబడి ఎండకి పోయింది. ఆమె మొగుడు ఇంకా ఎండ గుమ్మం దగ్గర కూర్చుని ఉంటాడు.

ఎండ గుమ్మం అవతల పాకలున్నాయనీ, పాచి ఎండకి చచ్చాక మనుషుల్ని వెనక్కి తెస్తారనీ చెప్తారు. వెనక్కి వచ్చినవాళ్ళెవరినీ నేను చూడలేదు. "ఎండకి పోవడం" అనే మాటకి మా సందులో ఇప్పుడు ఒకటే అర్థం.

కుముద దారంతా నా ముందే నడిచింది. ఇంటి గుమ్మంలోకి వచ్చాక, "నాన్న పక్కన పడుకునేదాన్ని కదా నేను, చివరిదాకా" అంది.

నాకూ అదే తట్టింది. దానికి తట్టకూడదనుకున్నాను.

శనివారం

రెండో నలుగు. మొదటిదానికీ దీనికీ తేడా ఏమిటంటే మొదటిసారి పలుకులు పొర మీద నడుస్తాయి, రెండోసారి మన మీదే నడుస్తాయి. బయట బెంచీ మీద కూర్చుని ఆ జుర్రుడు చప్పుడు విన్నాను. ముఖం కందిపోయి, చెంప మీద అక్కడక్కడ చెమ్మ. కళ్ళ కింద చర్మం ఎంత పల్చబడిందంటే నరం కొట్టుకోవడం కనబడుతోంది.

మా అత్త దాని గడ్డం పట్టుకుని బల్బు వైపు తిప్పి చూసింది. తర్వాత, "ఆడి చెయ్యిరిగిపోనూ, పిల్ల మొకమా అది, కోరెయ్యడానికి కొబ్బరిసిప్పేటి" అంది. కుముద నవ్వబోయి, మంటపుట్టి మానేసింది.

నేను బడికి వెళ్ళేటప్పుడు ఇద్దర్నీ ఒకరికొకరిని అప్పజెప్పి వెళ్ళాను.

సోమవారం

కుముద దగ్గింది. ఒక్కసారే. గోడ గోకుతున్నప్పుడు. గోడ గోకేటప్పుడు ఎవరైనా దగ్గుతారు. నేనూ దగ్గుతాను. కావాలని దగ్గి చూసుకున్నాను, ఆ చప్పుడూ ఈ చప్పుడూ ఒకటేనా అని. తెలియలేదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఇదొక జబ్బు. తాళం వేశానా లేదా అని వెనక్కి వెళ్ళి చూసేదాన్ని. సింహాద్రి ఏడిపించేవాడు, "నీకు దేవుడు కనబడ్డా ముందు పేరడుగుతావే" అని. ఇప్పుడు తాళాలు లేవు, కూతురి దగ్గు ఉంది.

బుధవారం

మళ్ళీ పచ్చ.

ఈసారి కళావతి నన్ను కూడా లోపలికి రానిచ్చింది. కుముద తల దీపం కింద పెట్టింది, తల కదలకుండా ఉండాలని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఊదా వెలుగు పడగానే దాని బుగ్గల మీద, నుదుటి మీద పచ్చటి మెరుపు లేచింది. చీకట్లో పిల్లికళ్ళలా. నా కూతురి ముఖం మీద పిల్లికళ్ళు.

అప్పుడే నా వేళ్ళు చూశాను. దాని భుజం మీదున్న నా కుడిచేతి వేళ్ళు, గోళ్ళ అంచులు, చూపుడువేలి కణుపు. అదే పచ్చ. చటుక్కున చెయ్యి తీసి కొంగులో దాచుకున్నాను. కళావతి చూడలేదు. దీపానికి ముఖాలు చూడటమే నేర్పారు, చేతులు చూడదు.

నాకూ పట్టింది. దాన్ని తాకి తాకి నాకూ పట్టింది, లేకపోతే నా నుంచే దానికి పట్టింది. మొన్న నాకు లేదన్న దీపం పొరపాటు పడి ఉండాలి. ఇంటికొచ్చి గరుకు రాయి తీసుకుని వేళ్ళు తోముకున్నాను. రక్తం వచ్చేదాకా.

కుముద చూస్తూ ఉంది. "నన్ను తాకినందుకా?" అంది.

కాదన్నాను. కానీ చెయ్యి ఎందుకు తోముతున్నానో ఇంకో కారణం వెతుక్కునేలోపే అది లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం

మూడో నలుగు. చేసేవాళ్ళు కూడా దాని ముఖం చూసి తటపటాయించారు. కానీ దీపం చెప్పాక చెయ్యక తప్పదు. మంగళవారం దీపం దగ్గరికి తీసుకురమ్మన్నారు. వెంట ఒక జత బట్టలు కూడా తెమ్మన్నారు. ఎందుకని అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఎలా ఉంటుంది అని మీరడిగితే, మూడోసారికి ముఖం తనది కాదన్నట్టు పట్టుకుని నడుస్తారు. చేతుల్లో నిండు గిన్నె ఉన్నట్టు.

ఆదివారం

బడికి సెలవు. మధ్యాహ్నం నీళ్ళు పట్టుకుని అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చాను. మా ఇల్లంటే ఒక గది, ఒక అర. అరలో చాప మీద కుముద వెల్లకిలా పడుకుని ఉంది, తల నాన్నమ్మ ఒళ్ళో. మా అత్త చేతిలో చిన్న గిన్నె. రెండు వేళ్ళతో దాని బుగ్గలకి మెత్తగా, ఈకతో రాసినట్టు రాస్తోంది.

పసుపు.

నన్ను చూసి కుముద లేవబోయింది. అత్త లేవనియ్యలేదు.

"ఏటలా సూస్తావు కోడలా. నలుగన్నారు కదా. నలుగెట్టినాక పసుపు రాయకండా ఎలగుంటాం. పచ్చి మొకాన్ని అలగే వొగ్గేస్తారా ఎవులైనా?"

"ఎప్పటి నుంచి రాస్తున్నావు అత్తా?"

"మొదటి నలుగు కాడి నుంచీని. నువ్వు బడికెళ్ళినాక. నీకు సెప్పితే వొద్దంటావని."

కుముద మెల్లగా, "చల్లగా ఉంటుందమ్మా. అదొక్కటే చల్లగా ఉంటుంది" అంది.

ఇక్కడ బల్బులన్నీ పసుపు రంగువి. వాటి కింద మేమంతా ఎప్పుడూ కామెర్ల రోగుల్లానే కనబడతాం. పసుపు రాసిన ముఖానికీ రాయని ముఖానికీ తేడా తెలియదు. నాకు తెలియలేదు.

నీళ్ళ బిందె ఎప్పుడు దించానో గుర్తులేదు. నా వేళ్ళు చూసుకున్నాను. బుధవారం పొద్దున్న, దీపానికి వెళ్ళేముందు, అత్త తవ్వి తెచ్చిన పసుపు కొమ్ముల మట్టి కడిగింది ఈ వేళ్ళతోనే. గొట్టపు బల్బుల వెలుగు కింద ఆవిడ పెంచే మడి ఉంది, ఈ సందంతటికీ పసుపు అక్కడి నుంచే.

పాచి కాదు. నా వేళ్ళకి పట్టింది పాచి కాదు.

అప్పుడు ఒక్కొక్కళ్ళే గుర్తొచ్చారు. పెళ్ళికూతుళ్ళు. బాలింతలు. పెద్దమనిషైన పిల్లలు. ఎవరికి ఇంట్లోవాళ్ళు పసుపు రాస్తారో వాళ్ళే. ఎవరిని ఎక్కువ ముద్దుచేస్తారో వాళ్ళే. రాజ్యలక్ష్మిని వాళ్ళ అత్తగారు పదహారు రోజులూ పసుపుతో ముంచెత్తింది, మా సందులో అంతా చెప్పుకున్నాం, అదృష్టవంతురాలు, మంచి అత్త దొరికిందని.

నేను ఏమీ అనకముందే మా అత్త గిన్నె కింద పెట్టింది. ఆవిడకి దీపం సంగతి అర్థం కాకపోవచ్చు, నా ముఖం అర్థమయింది.

"నానేటి సేసినాను?" అంది.

సోమవారం

శనగపిండి పెట్టి కడిగాం. పెసరపిండి, వేడినీళ్ళు, గంజి. పసుపు మామూలు చర్మం మీదే రెండ్రోజులు ఉంటుంది, ఆ ముఖం ఇప్పుడు చర్మం కాదు, దూది. పీల్చేసుకుంది. నూనె రాస్తే వదులుతుంది, కానీ నూనె మీద పాచి మరీ పెరుగుతుందని కొండలో నూనెచుక్క లేకుండా చేశారు. మరీ రుద్దితే చిట్లుతోంది. కుముద అరవలేదు. అరిచి ఉంటే ముందే ఆపేసేదాన్నేమో.

బడి మానేసి పీఠానికి వెళ్ళాను. దీపాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరు డాక్టర్ జోగారావు. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

"పచ్చ కనబడితే అన్నారు కదా డాక్టర్‌గారూ. ఏ పచ్చ?"

"ఏ పచ్చేమిటండీ. పచ్చే."

"ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

ఆయన నవ్వాడు. "మీరు భాష చదివారని విన్నాను. దీపానికి మేం పుస్తకాల మాటలతో నేర్పలేదు టీచర్‌గారూ. సందుల్లోంచి మామూలు జనాన్ని పిలిచి, పచ్చ అన్నదల్లా చూపించమన్నాం. ఒకరు ఆకు చూపించారు, ఒకరు పండిన అరటిపండు చూపించారు. ఒక ముసలాయన పచ్చటి పిల్ల అని తన మనవరాలినే చూపించాడు." నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

పసుపు సంగతి చెప్పాను. నా వేళ్ళ సంగతి కూడా చెప్పాను. ఆయన నా ముందున్న గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"మీరు చెప్పింది నిజమే అనుకుందాం. పసుపుకి దీపం మోసపోతుందని రేపు చాటించామనుకోండి. ఎల్లుండి నుంచి పాచి పట్టిన ప్రతివాడూ పసుపు పూసుకుని వచ్చి, ఇది పసుపేనండీ అంటాడు. ఒక్కడి పాచి చాలు, ఒక సందుకి. మీకు నేను చెప్పాలా."

చెప్పక్కర్లేదు. సింహాద్రి ఉన్న పంపుల వరస మొత్తం పోయింది.

"పసుపు వదిలేదాకా గడువివ్వండి."

"గడువిస్తే అందరికీ ఇవ్వాలి." తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కటి అడుగుతాను. మీ అమ్మాయి ముఖం మీద పసుపుందని మీకు తెలుసు. ఆ పసుపు కింద పాచి లేదని చెప్పగలరా?" అన్నాడు.

చెప్పగలను అనాలి. ఏ తల్లి అయినా అంటుంది. తండ్రి గుండెల మీద తలపెట్టి పడుకున్న పిల్ల, గోడ గోకుతూ దగ్గిన పిల్ల. నా నోట్లోంచి ఆ మాట రాలేదు.

లేచి వస్తూ, "ఇన్నాళ్ళూ ఎండకి పోయినవాళ్ళు" అని మొదలుపెట్టాను. ఆయన లేచి తలుపు వేశాడు. "ఆ మాట ఇక్కడ అనకండి. నేను రాత్రిళ్ళు పడుకోవాలి" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

మంగళవారం

పొద్దున్నే బట్టలు మూట కట్టాను. ఏం కట్టాలో తెలియలేదు. ఎండలోకి వెళ్ళే పిల్లకి ఎలాంటి బట్టలు పెడతారు? నూలువి పెట్టాను.

మా అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. తినకపోయినా నోరు ఆడాలి కాబట్టి తమలపాకు తీసుకుంది. సున్నం డబ్బాలో వేలు ముంచి ఆకుకి రాసింది. రాసి, వేలు గోడకి తుడవబోయింది.

ఆ వేలు ఎర్రగా ఉంది.

పసుపు పండిన వేలు. సున్నం తగిలినచోటల్లా ఎర్రగా, కుంకుమలా. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నన్నూ వేలునీ చూసింది. ఇద్దరం ఒకేసారి అన్నాం.

"పారాణి."

పచ్చ కనబడితే అని నేర్పారు. ఎరుపు గురించి ఎవరూ ఏమీ నేర్పలేదు. నలుగు తర్వాత ముఖం ఎర్రబడటం మామూలే, భయపడకండి అని నేనే రాసిచ్చాను, వరసలో రోజూ చదువుతున్నారు.

"సున్నం పచ్చి మొకాన్ని తినేస్తాది" అంది అత్త. "కాళ్ళకి రాస్తేనే పెళ్ళికూతుళ్ళు కాళ్ళు ఎగరేస్తారు."

"నీళ్ళెక్కువ పోసి కలుపు."

"ఎక్కువైతే ఎరుపెక్కదే."

"అత్తా, కలుపు."

ఆవిడ కలిపింది. ఎన్ని పెళ్ళిళ్ళకి కలిపిన చేతులో. కుముదని చాప మీద పడుకోబెట్టాం. ఏం చేయబోతున్నామో దాచకుండా చెప్పాను. అది గిన్నెలోకి తొంగి చూసి, "అందరికీ కాళ్ళకి పెడతారు, నాకు ముఖానికా. మరి పెళ్ళికొడుకెవరు, దీపమా?" అంది.

రాయడం మొదలుపెట్టాను. మొదటి వేలు ఆనగానే దాని మడమలు నేలని తన్నాయి. నా కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు తెలిసినంతలో పసుపు ఉన్నచోట సున్నంనీళ్ళు తాకితే చాలు, కానీ ఎక్కడెక్కడ ఉందో కంటికి కనబడదు కాబట్టి అంతటా రాయాలి. రెప్పల అంచుల దాకా. అత్త దాని తల పట్టుకుని, కాళ్ళకి పారాణి పెట్టేటప్పుడు పాడేదేదో గొంతులోనే గొణిగింది. పాట తెగిపోతే మళ్ళీ మొదటికి వచ్చింది.

ఇది సరైనదో కాదో నాకు తెలియదు. పాచి నిజంగా ఉంటే నేను ఈ సందు మొత్తం మీదికి దాన్ని వదిలిపెడుతున్నాను. ఇరవై ఏళ్ళ క్రితం ఇలాంటిది పాఠంగా చెప్పి ఉంటే రెండు పక్కలా వాదించేదాన్ని. ఇప్పుడు ఒక పక్కే ఉంది, దాని మడమలు నేలని తంతున్నాయి.

దీపం గదికి నడిచాం. మూట నా చంకలో. కళావతి మూట చూసి తల దించుకుంది. కుముద ముఖం చూసి, "అయ్యో, మూడోసారి కదా, మరి ఎర్రగానే ఉంటుంది" అంది.

ఊదా వెలుగు పడింది.

దీపం ఎప్పుడూ వెంటనే చెప్తుంది. ఈసారి చెప్పలేదు. కుముద గడ్డం కింద చెక్క మీద దాని చెమట చుక్క పడింది. ముఖం నల్లగా, మసకగా, ఎండిన రక్తంలా కనబడింది. పచ్చ ఎక్కడా లేదు, కుడి చెవి కింద సన్నని గీత ఒకటి మినహా. అక్కడ నా వేలు ఆనలేదు. నేను జుట్టు సర్దుతున్నట్టు ముందుకి వంగి నాలుగు వెంట్రుకలు దాని మీదికి లాగాను. కళావతి నా చేతినే చూస్తోంది. చూసి, కళ్ళు తిప్పుకుని, ఏదో మీట తుడవసాగింది.

"పచ్చ లేదు" అంది దీపం.

ఎండ గుమ్మం వైపు తలుపు కాదు, ఇంటివైపు తలుపు తెరుచుకుంది. కుముద లేవలేకపోయింది. మూటా అదీ రెండూ నేనే మోసుకొచ్చాను.

శుక్రవారం

నీళ్ళ వరస కోసం చివరి కాగితం రాసిచ్చాను. మంచి మాటల కింద ఒక వాక్యం చేర్చాను: నలుగు తర్వాత ముఖానికి ఏదీ రాయకండి, ముఖ్యంగా పసుపు రాయకండి, ఎంత ముద్దొచ్చినా రాయకండి. పీఠం వాళ్ళు ఎందుకని అడుగుతారనుకున్నాను. కాగితం జోగారావు దగ్గరికి వెళ్ళిందట. కొట్టెయ్యలేదట.

పొద్దున్న చదువుతుంటే వరసలో నిలబడి విన్నాను. "ఎంత ముద్దొచ్చినా" దగ్గర అందరూ నవ్వారు. రాజ్యలక్ష్మి అత్తగారు నవ్వలేదు. ఆవిడ బిందె నిండి పొంగిపోతున్నా పంపు కట్టలేదు.

ఆదివారం

కుముద ముఖం పొర రాలుతోంది. సున్నం తిన్నచోట మందంగా లేస్తోంది, పొట్టులా. కింద కొత్త చర్మం గులాబి రంగులో వస్తోంది. అన్నం తింటోంది. అత్తని మళ్ళీ ఏడిపిస్తోంది. "నాన్నమ్మా, ఈసారి కాళ్ళకి పసుపు రాయి, అక్కడ దీపం చూడదు" అంటే, ఆవిడ నవ్వకుండా తన రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది. పసుపు మడి మొత్తం పీకేసింది. పీకిన కొమ్ములు ఎక్కడ పారేసిందో చెప్పదు.

మళ్ళీ దీపం దగ్గరికి ఏడాది దాకా పిలవరు. ఏడాది దాకా ఈ ముఖం లోపల ఏముందో చెప్పేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క కంటినీ నేనే పొడిచాను.

ఇవాళ గోడ నేనే గోకుతానన్నాను. కుముద ఒప్పుకోలేదు. అది గోకుతూ దగ్గింది. ఒకసారి. కాసేపాగి ఇంకోసారి. నేనూ అత్తా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

పని అయ్యాక నా ముందు కూర్చుని, "అమ్మా, దురదగా ఉంది, ఈ ముక్క తీసెయ్యవా" అని చెంప చూపించింది. గోకకూడదని రాసింది నేనే. కానీ ఆ పొర ఒక అంచున వేలాడుతోంది, ఊదితే పోయేలా. గోటితో మెల్లగా లాగాను. వచ్చేసింది.

దాని కింద, చెంప ఎముక మీద, గోరంత మేర మచ్చ. పచ్చగా.

మిగిలిపోయిన పసుపు కావచ్చు. సున్నం అందని లోతులో దాక్కున్నది. బల్బు దగ్గరికి తిప్పి చూశాను, కొంగు తడిపి తుడిచి చూశాను. ఈ పసుపురంగు వెలుగులో అన్నీ ఒకేలా ఉంటాయి. ఏ పచ్చో చెప్పడానికి నా భాషలో ఉన్నది ఒక్కటే మాట.

"ఏముందమ్మా?" అంది కుముద.

వెనక నుంచి మా అత్త మమ్మల్ని చూసి, ఏం చూస్తున్నామో కనబడక, దాని తల మీద చెయ్యి వేసింది.

"ఏటీ నేదు. నూరేళ్ళు పచ్చగా ఉండు తల్లీ" అంది.